చిన్నమ్మడి వైఫై

వీధి చివర రెండిళ్లలో దొంగలు పడ్డారని మా ఆయనతో అబద్ధమాడి కెమెరా కొనిపించాను. నిజానికి నాకు కావలసింది ఎదురింటి మేడమెట్లు. రోజూ ఆ మెట్లెక్కి దిగేది నా చెల్లెలు. ఆదివారం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతోందని ఇస్త్రీ ఆయన చెప్పాడు. సొంత చెల్లెలి కబురు ఇస్త్రీ బట్టలతో పాటు తెలుసుకునే గతి పట్టింది నాకు.

మా మధ్య మాటల్లేక మూడేళ్లయింది. తప్పు నాదే. అమ్మ పోయిన వారానికి, నలుగురూ కూర్చుని ఉండగా నోరు జారాను. "ఆస్పత్రిలో మంచం పక్కన ఉన్నది నేను. నువ్వు చుట్టపుచూపుగా వచ్చి ఏడిస్తే సరిపోతుందా?" అనేశాను. తను ఉద్యోగం నుంచి నేరుగా వచ్చి తెల్లవార్లూ అమ్మ కాళ్ల దగ్గర కూర్చునేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. తను తిరిగి ఒక్క మాట అనలేదు. అనుంటే అక్కడికక్కడే కొట్టుకుని, సాయంత్రానికి కలిసి టీ తాగేవాళ్లం.

ఆ తర్వాత క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. మాటలు విసరడానికి ముందుండే నోరు, అడగడానికి మాత్రం పెగలదు. కిటికీలోంచి చూద్దామంటే తన కంట పడతానేమోనని బెంగ. కెమెరాకి పరువూ పౌరుషమూ ఉండవు. ఈ నాలుగు రోజులైనా చెల్లిని ఫోన్లో కళ్లారా చూసుకోవాలని నా ఆశ.

కెమెరా బిగించే ఆయన పదింటికి నిచ్చెన భుజానేసుకుని వచ్చాడు. గోడకి రెండు మేకులు కొట్టాడో లేదో నసగడం మొదలెట్టాడు.

"అమ్మా, మీ గేటు సగమే పడుతోంది. ఎదురింటి మెట్లు మాత్రం పూర్తిగా పడుతున్నాయి."

"అలాగే ఉంచండి."

"దొంగ వస్తే మీ ఇంటికొస్తాడా, వాళ్లింటికా?"

"ఎవరింటికొచ్చినా దొంగ దొంగేగా. మీరు బిగించండి."

నన్ను ఎగాదిగా చూసి ఊరుకున్నాడు. తర్వాత, వెనక గదిలో ఉన్న వైఫై డబ్బా కెమెరాకి దూరమైందని, దాన్ని పీకి ముందు గదిలో పెట్టడానికి వైర్లు లాగుతూ కూర్చున్నాడు. "మీ ఫోన్ ఏ వైఫైలో ఉంటే ఈ యాప్ కెమెరాని కూడా అందులోనే కలుపుతుంది. ఈలోగా పాస్‌వర్డ్ కొట్టండి" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

కొట్టాను. తప్పంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. మూడోసారికి నాకు ఒళ్లు మండింది.

"నా ఇంటి పాస్‌వర్డ్ నాకు తెలీదా? మీరు తెచ్చిన కెమెరాకే బుద్ధి లేదు."

ఆయన ఫోన్ తీసుకుని చూశాడు. "అమ్మా, ఇది మీ వైఫై కాదు. మీ డబ్బా ఇంకా కరెంటుకే పెట్టలేదు. మరి ఈ చిన్నమ్మడు ఎవరు?"

చిన్నమ్మడంటే మా చెల్లెలు. ఎదురింట్లో దిగిన కొత్తలో వైఫైకి ఆ పేరు పెట్టుకుంది. నా ఫోన్‌లో పాస్‌వర్డ్ కూడా తనే కొట్టింది. "నీకు గుర్తుండి చావదుగా, అందుకే నీ పేరే పెట్టాను" అని వెక్కిరించింది. పెద్దమ్మడు, పక్కన మా పాత ఇంటి నంబరు. ఇద్దరికీ ఆ ముద్దుపేర్లు పెట్టింది అమ్మ.

"మీ వైఫై ఆగిపోయేసరికి ఫోన్ పాత పరిచయం ఉన్నదాన్ని పట్టుకుంది" అన్నాడాయన. "వాళ్లు పాస్‌వర్డ్ మార్చుకుని ఉంటే పట్టుకునేది కాదు."

మార్చలేదు. మూడేళ్లుగా ఇంటికొచ్చిన వాళ్లెవరు వైఫై అడిగినా, మా చెల్లి నా పేరే చెబుతోంది. నేనేమో దాన్ని దొంగచాటుగా చూడటానికి గోడకి మేకులు కొట్టిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది, ఆయన ముందే ఏడ్చాను.

"తెలిసినవాళ్లే అయినా వాళ్ల నెట్‌లో కలపకూడదమ్మా" అన్నాడు పాపం, దేనికి ఏడుస్తున్నానో తెలియక.

"కలపొద్దు. మా దాంట్లోనే పెట్టండి. కెమెరాని మా గేటు వైపు తిప్పేయండి" అని చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను.

తలుపు తీసే ఉంది. హాల్లో అట్టపెట్టెలు. చెల్లి నేల మీద కూర్చుని గిన్నెలకి పాత పేపర్లు చుడుతోంది. చిక్కిపోయింది. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి, ఎదురింట్లో ఉండి నాకు తెలియనే లేదు. నన్ను చూసి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయింది.

దారిలో అనుకున్న మంచి మాటలన్నీ మర్చిపోయాను. తగువుకొచ్చినట్టు, "పాస్‌వర్డ్ ఎందుకు మార్చలేదే?" అన్నాను.

అది గిన్నె కింద పెట్టి తల దించుకుంది. "మారిస్తే, నువ్వొచ్చిన రోజు నన్ను అడగాలిగా అక్కా. నువ్వు అడగవు కదా."

పక్కనే నేల మీద కూలబడ్డాను.

"ఆ రోజు అనకూడని మాట అన్నానే, చిన్నమ్మడూ. తప్పయిపోయింది" అన్నాను. అది తల ఊపింది. దాని చేతిలోంచి పేపరు తీసుకుని, ఆదివారం వెళ్లిపోయేవాటిలో ఒక గిన్నెకి చుట్టాను.

"కొత్త ఇల్లు ఎక్కడే?" అని అడిగాను.