విక్కీ ఎవడు?

ఆ సాయంత్రం ఫోన్లో మా అక్క సుబ్బలక్ష్మమ్మకు కూతురు ఆశ్రిత మాట వినపడింది ఇంతే: "ఈ వారమంతా విక్కీతోనే అమ్మా. విక్కీ గాని లేకపోతే నేను..."

సిగ్నల్ పోయింది. వానలాగే సిగ్నలూ ముఖం చాటేసే ఊరు మా ఉరవకొండ.

తెలుగులో మగాడో వస్తువో తేలేది క్రియ దగ్గర. 'వస్తాడు' అంటే వాడు, 'వస్తాది' అంటే అది. ఆ క్రియ కాస్తా తెగిపోయింది. క్రియ పోయి విక్రియ మిగిలింది.

మా బావ ఎర్రన్నకు పేరులో ఉన్న ఎరుపంతా కళ్లలోకి ఎక్కింది. నావైపు తిరిగి అరిచాడు. "ఫ్రెంచి నేర్పుతామంటే అనంతపురం పంపితిని. ఫ్రెంచి కాదప్పా రంగప్పా, ఫ్రెండు! తెల్లారితే పిల్లని తోల్కొచ్చేస్తా. చదువూ లేదు గిదువూ లేదు!"

నన్నూ వెంట లాక్కెళ్లాడు. ఎక్కడికని టీ అంగడి కదిరప్ప అడిగితే అతనికీ, టిక్కెట్టు కొట్టిన కండక్టరుకూ కథంతా చెప్పాడు. పరువు పోతుందని పరుగెత్తుతూ, ఆ పరువునే దారంతా పంచుతూ పోయాడు.

కాలేజీ వరండాలో ఒక అమ్మాయిని ఆపాడు. "విక్కీ యాడమ్మా?"

"కంప్యూటర్ రూములో సార్. ఆశ్రితా ఆడే ఉండాది."

"రోజూనా?"

"రోజూ. మేమందరమూ."

"అందరూనా!"

కంప్యూటర్ ముందున్న కూతురి చెయ్యి పట్టి లేపాడు. "పా ఇంటికి! ఎవడే విక్కీ?"

ఆశ్రిత చెయ్యి విడిపించుకుంది. "ఎవడు కాదు నాయనా, ఏది అని అడుగు. వికీ అది. ఒక్క క, రెండు కాదు!"

ఫ్రెంచి చెప్పే చంద్రిక మేడం లేచి వచ్చింది. "ఇంటర్నెట్లో పేజీ అన్నా అది. ఫ్రాన్సు పిల్లోళ్లూ మన పిల్లోళ్లూ కలిసి రాస్తారు. ఈమె ఫ్రెంచిని వాళ్లు దిద్దుతారు, వాళ్ల ఇంగ్లీషు ఈమె దిద్దుతాది."

"పేజీకి మనిషి పేరేల పెట్టినారు?" కోపం దిగడానికి బావకు మెట్లు దొరకలేదు.

కూతురు ఆయన కోపాన్ని మించిపోయింది. "ఫోను కట్టయితే మళ్లీ చెయ్యల్ల గాని, చదువు కట్ చేస్తారా? నన్నొక మాట అడిగితివా? ఇంక ఎంతమందికి చెప్పినావు?"

బావ నావైపు చూశాడు. నేను దాచలేదు. "టీ అంగట్లో, బస్సులో... ఉరవకొండలో సగం మందికి."

"ఈ పేజీలో తప్పు రాస్తే ఎవరు రాసినారో పేరు పడతాది నాయనా. నీ నోటి తప్పు ఎవరు దిద్దల్ల? నువ్వే పోయి దిద్దు. నేను రాను. పరీక్షలై రెండో సంవత్సరమూ ఈడే చదువుతా."

"చదువుకో," అన్నాడు బావ చివరికి, తిట్టినట్టే.

ఊళ్లో బస్సు దిగగానే కదిరప్ప కేక వేశాడు. "ఏమన్నా, పిల్ల రాలేదే? విక్కీ దొరికినాడా?"

అంగడిముందు గ్లాసులన్నీ ఆగిపోయాయి.

"దొరికినాడు కాదప్పా, దొరికినాది!" బావ గర్జించాడు. "వాడూ లేడు వీడూ లేడు. వికీ అంటే పిల్లోళ్లు కలిసి రాసే పేజీ. దేశాలు దాటి ఒకరి తప్పులొకరు దిద్దుకుంటారంట. ఫోను కట్టయితే నేనే కట్టుకథ అల్లినా. తప్పు నాది, పిల్లది కాదు. ఇనపడిందా అందరికీ?"