గోవిందస్వామి ఓటు

విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి మునికృష్ణ నిలబడ్డాడని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడినవాడు గోవిందస్వామి. ఇద్దరిదీ హాస్టల్లో ఒకటే గది. ఇద్దరూ తిరుపతిలో ఎమ్మే చరిత్ర రెండో ఏడాది చదువుతున్నారు.

మునికృష్ణది పుత్తూరు దగ్గర పల్లె, చెరకు పండించే ఇల్లు. గోవిందస్వామిది పలమనేరు. చిన్నతనంలో అమ్మవారు పోసి అతనికి చూపు పోయింది. మద్రాసు దగ్గర అంధుల బడిలో బ్రెయిలీ నేర్చుకున్నాడు. డిగ్రీ దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ ఎమ్మే పుస్తకాలు బ్రెయిలీలో దొరకవు. అందుకని సాయంత్రాలు మునికృష్ణ పాఠం పైకి చదువుతాడు. గోవిందస్వామి మంచం మీద కూర్చుని, మందపాటి కాగితం మీద చుక్కలు పొడుచుకుంటూ వింటాడు. ఒకరినొకరు అడిగి మొదలుపెట్టిన పని కాదది. చేరిన కొత్తలో మునికృష్ణ తనకోసం పైకి చదువుకుంటూ ఉంటే గోవిందస్వామి, "ఆ పేజీ ఇంకోసారి చదువప్పా" అన్నాడు. అంతే, అప్పటినుంచీ అలా సాగిపోతోంది.

ముందటి ఏడాది ఎన్నికల్లో గోవిందస్వామి మొదటిసారి ఓటు వేశాడు. వేశాడనడం కంటే చెప్పాడనాలి. చూపులేని విద్యార్థి ఎవరికి ఓటు వేయదలచుకున్నదీ ఎన్నికల అధికారికి నోటితో చెప్పాలి. ఆయన కాగితం మీద ముద్ర వేస్తాడు. అభ్యర్థుల ఏజెంట్లు పక్కనే నిలబడి చూస్తారు. అదీ నిబంధన. మోసం జరగకూడదనే పెట్టారు. గోవిందస్వామి పేరు చెప్పి వచ్చేశాడు. ఆ సాయంత్రం మెస్‌లో ఎవరో వెనకనుంచి భుజం తట్టి, "మావోడికి వేస్తావనుకుంటిమే స్వామీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అయినా గోవిందస్వామికి ఆ పూట అన్నం సయించలేదు.

ఈ ఏడాది పోటీ ఇద్దరి మధ్యే. ఒకడు మునికృష్ణ, రెండోవాడు రామచంద్ర అని కెమిస్ట్రీ విద్యార్థి. ప్రచారం మొదలైన వారంలోనే ఒకరోజు క్లాసు అయిపోయాక పంకజాక్షి వచ్చి గోవిందస్వామి పక్క బెంచీ మీద కూర్చుంది. ఆమె వాళ్ల క్లాసే, చిత్తూరులో బెల్లం మండీ వాళ్ల అమ్మాయి.

"గేటు కాడ ఈ కరపత్రం పంచుతాండారు. మీకు ఎవురన్నా చదివినారా?" అని అడిగింది.

"లేదే. ఏముండాది దాంట్లో?"

పంకజాక్షి గొంతు తగ్గించి చదివింది. చూపులేని మిత్రుడు గోవిందస్వామికి కళ్లయి నిలిచిన మానవతామూర్తి మునికృష్ణకే మీ అమూల్యమైన ఓటు అని ఉంది అందులో.

"నా పేరు ఏసినారా?"

"ఏసినారు. పెద్ద అక్షరాల్తో."

గోవిందస్వామి చేయి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. అచ్చు వాసన ఇంకా పోలేదు. "దాంట్లో అబద్ధమేం లేదులెండి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కానీ గదికి పోవడానికి లేవలేదు. పంకజాక్షి కూడా చాలాసేపు అక్కడే కూర్చుంది.

మునికృష్ణ మంచివాడని గోవిందస్వామికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే మొన్న సభలో రామచంద్ర గ్రంథాలయం గురించి మాట్లాడిన మాటలు కూడా అతనికి నచ్చాయి. రెండూ మనసులో పెట్టుకుని తీరిగ్గా ఆలోచించుకోవాలనుకున్నాడు. ఇప్పుడు పోయి అందరి ముందూ ఏ పేరు చెప్పినా అది ఆలోచించి చెప్పినట్లుండదు. మునికృష్ణ పేరు చెబితే రుణం తీర్చుకున్నాడంటారు. రామచంద్ర పేరు చెబితే విశ్వాసం లేనివాడంటారు.

ఆ మరుసటి రోజు చెప్పుల డబ్బా అట్ట సంపాదించి, ఓటు కాగితం ఎంత ఉంటుందో పంకజాక్షిని అడిగి తెలుసుకుని, రెండు అట్టముక్కలు కోశాడు. మూడు పక్కలా దారంతో కుట్టి సంచిలాగా చేశాడు. పై అట్టకు, పేర్ల పక్కన ముద్ర వేసే గళ్లు వచ్చే చోట రెండు రంధ్రాలు తీశాడు. కాగితాన్ని అందులోకి దూర్చితే వేలితో తడిమి ఏ గడి ఎవరిదో తెలుసుకోవచ్చు.

దాన్ని పట్టుకుని ఎన్నికల అధికారి దేవరాజులు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఎకనామిక్స్ ఆచార్యుడు. అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఒక పాత ఓటు కాగితం దూర్చి, "ఏదీ, రెండో పేరుకు వెయ్యి చూస్తాను" అన్నాడు. గోవిందస్వామి తడుముకుని ముద్ర వేశాడు. అది కొంచెం జారి గీత మీద పడింది.

"ఇట్ల పడితే చెల్లదు గదయ్యా" అన్నాడు దేవరాజులు.

"చెల్లకుంటే పోనీండి సార్. కండ్లుండేవాళ్లవి గూడా ప్రతి ఏడూ పోతానే ఉండాయి గదా. వాటితోపాటు ఇదీ పోతుంది. నా ఓటు నేనే వేసుకున్నానని ఉంటాది నాకు."

దేవరాజులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిబంధన మార్చాలనే నాకూ ఉంది. కానీ నోటిఫికేషన్ ఇచ్చేసినాం. ఇప్పుడు మార్చాలంటే పోటీలో ఉండే ఇద్దరూ ఒప్పుకొని సంతకం పెట్టాల. లేకుంటే ఓడిపోయినవాడు రేపు కోర్టుకు పోతాడు" అన్నాడు.

రామచంద్ర అడిగిన వెంటనే సంతకం పెట్టాడు. ఆ కబురు గోవిందస్వామి కంటే ముందే మునికృష్ణకు చేరింది. సాయంత్రం మునికృష్ణ గదికి వచ్చేసరికి, ప్రచారంలో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"రామచంద్ర పెట్టక ఏం జేస్తాడు? నా గదిలో వాడే నాకు ఓటెయ్యనంటాండాడని చెప్పుకోవచ్చు గదా" అన్నాడు.

"నేను అట్ల అన్లేదప్పా."

"మరి నా మనుషుల ముందర చెప్పేదానికి నీకేం భయం?"

"భయం గాదు. నేను నీకే వేస్తానని హాస్టలంతా తెలుసు. నేనింకా ఆలోచించుకోనే లేదు. నాకంటే ముందర వాళ్లకి తెలిసిపోయింది."

మునికృష్ణ చొక్కా గుండీలు విప్పసాగాడు.

"నువ్వు నాకు చదివి పెడతాండావు. అందుకని నేను నీ పేరు చెప్తే అది కూలి ఇచ్చినట్లు అయిపోతుంది. మన మధ్యలో ఇన్నాళ్లూ కూలి లేదు గదప్పా" అన్నాడు గోవిందస్వామి.

మునికృష్ణ చొక్కా మార్చుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పాఠం లేదు.

మరునాడు పొద్దున కుప్పుస్వామి వచ్చి మునికృష్ణను పట్టుకున్నాడు. మునికృష్ణ తరఫున ప్రచారమంతా చూసేది అతనే, ఆ కరపత్రం రాసిందీ అతనే. "సంతకం పెట్టొద్దు. కరపత్రంలో వాడి పేరేసి, వాడే చాటుగా వేస్తానంటే మనం నవ్వులపాలైపోతాం" అన్నాడు. చూద్దాంలే అని మునికృష్ణ గ్రంథాలయానికి వెళ్లి పుస్తకం తెరిచాడు. విజయనగర రాజుల భూమిశిస్తుల పాఠం. మనసులో చదువుకుంటే ఒక్క ముక్కా నిలవలేదు. రెండు పేజీలు తిప్పి వెనక్కి వచ్చాడు. పైకి చదవడం, మధ్యలో గోవిందస్వామి ఆపి "ఆ శిస్తు కట్టేది ఎవురు, కౌలుదారుడా, భూమిగలవాడా?" అని అడగడం, జవాబు తెలియక ఇద్దరూ మళ్లీ మొదటికి రావడం, అలాగే అలవాటైపోయింది అతనికి. బియ్యేలో అత్తెసరు మార్కులు వచ్చినవాడు, ఎమ్మే మొదటి ఏడాది క్లాసులో రెండోవాడిగా నిలిచాడు. ఆ మాట కరపత్రంలో ఎక్కడా లేదు.

పుస్తకం మూసి నేరుగా దేవరాజులు గదికి వెళ్లి సంతకం పెట్టాడు. వస్తూ దారిలో కుప్పుస్వామితో కరపత్రాలు పంచడం ఆపమన్నాడు.

"అచ్చేసినవి ఇంకా మూటలుండాయే. ఏం జేయాల?"

"మెస్‌లో పొయ్యికిచ్చెయ్."

గోవిందస్వామి గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మునికృష్ణ ఎదురు మంచం మీద కూర్చున్నాడు.

"సంతకం పెట్టొచ్చినాను. ఆ కాగితంలో నీ పేరు ఏసేటప్పుడు నిన్ను అడగాల్సింది" అన్నాడు.

"అడిగింటే వద్దనేవాణ్ణి."

"అందుకే అడగలేదేమో" అన్నాడు మునికృష్ణ. గోవిందస్వామికి నవ్వొచ్చింది. కాసేపటికి మునికృష్ణ కూడా నవ్వాడు.

పోలింగు రోజు గోవిందస్వామి ఉతికిన చొక్కా వేసుకుని వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చినప్పుడు దేవరాజులు స్వయంగా కాగితాన్ని అట్టలో దూర్చి, ఏజెంట్లకు చూపించి, "పైన మునికృష్ణ, కింద రామచంద్ర" అని చెప్పి, తెర దాకా నడిపించి వెనక్కి వచ్చేశాడు. లోపల ఎవరూ లేరు. పక్కన ఎవరి ఊపిరీ వినబడలేదు. గోవిందస్వామి రెండు రంధ్రాల మీదా రెండు వేళ్లు పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక వేలు తీసేసి ముద్ర వేశాడు. సిరా అంటుకోకుండా ఊది ఆరబెట్టి, కాగితం బయటికి లాగి మడిచాడు.

"అయిందా?" అన్నాడు దేవరాజులు.

"అయింది సార్" అన్నాడు గోవిందస్వామి. అతని ముఖం చూసి, వరసలో ఉన్న పంకజాక్షి పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

మునికృష్ణ ఓడిపోయాడు. తేడా ఎక్కువేం కాదు. రామచంద్రను భుజాలకెత్తుకుని వాళ్లవాళ్లు కేకలేస్తూ వెళ్లిపోయాక, హాలు వెనక మెట్ల మీద మునికృష్ణ ఒక్కడే కూర్చున్నాడు. గోవిందస్వామి కర్ర తాటించుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అప్పా, నేను ఎవురికి..."

"చెప్పొద్దు."

"ఎందుకు?"

"నాకే వేసింటే, ఓడిపోతినే అని నాతోబాటు నువ్వూ ఏడుస్తావు. వేయకుంటే, చెప్పినందుకు ఏడుస్తావు. ఎందుకొచ్చింది చెప్పు."

గోవిందస్వామి అతని భుజం మీద చేయి వేశాడు. మునికృష్ణ అప్పుడు ఏడ్చాడు, చిన్నగా, మోకాళ్ల మీద తల పెట్టుకుని. గోవిందస్వామి చేయి తీయలేదు. చీకటి పడేవేళకు పంకజాక్షి కాంటీన్ నుంచి ముగ్గురికీ వేడి బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చింది. ఓడినవాడే ఎక్కువ తిన్నాడు.

ఆ వేసవిలో నిబంధనల పుస్తకం మళ్లీ అచ్చయింది. చూపులేని విద్యార్థి తన ఓటు తానే వేసుకోవచ్చు అన్న వాక్యం అందులో చేరింది. దాన్ని దేవరాజులే రాశాడు. మునికృష్ణ పలమనేరు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరాడు. గోవిందస్వామి పరిశోధనకు అక్కడే ఉండిపోయాడు.

మరుసటి ఎన్నికలకు మదనపల్లె నుంచి యశోద అని చూపులేని అమ్మాయి ఎమ్మే తెలుగులో చేరింది. పోలింగు ముందురోజు ఆమె గోవిందస్వామిని వెతుక్కుంటూ వచ్చింది.

"ఎవురికెయ్యాలన్నా? నాకు ఈడ ఎవురూ తెలీదు."

"అందరూ మాట్లాడేది విన్నావా?"

"విన్నాను."

"ఇంకేం మరి. అదే సాలు" అన్నాడు గోవిందస్వామి. అట్టలో కాగితం ఎటువైపు దూర్చాలో ఆమె చేతిని పట్టుకుని చూపించి, పొద్దున్నే వరస తక్కువగా ఉంటుంది, అప్పుడే పొమ్మని చెప్పాడు.