మార్కాపురం గొంతు

గురువారం పదకొండు గంటల బస్సులో మద్రాసు నుంచి వారపత్రిక వచ్చేది. రాష్ట్రం వచ్చి నాలుగేళ్ళయింది. రాజధాని మన కర్నూల్లో మూడేళ్ళు కాపురం చేసి, నీళ్ళు పడనట్టు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది కూడా. పత్రికలు మాత్రం ఇంకా మద్రాసులోనే అచ్చవుతున్నాయి. అక్కడ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏది బాగుందని రాస్తే మార్కాపురంలో చదువుకున్నవాళ్ళకు అది బాగుండేది. చదువుకోనివాళ్ళకు ఆ సౌకర్యం లేదు. విని తేల్చుకోవలసిందే.

చెంచయ్య ఆ రెండో రకం. మూడో క్లాసులో ఉండగా వాళ్ళ నాయన బడి మాన్పించి పలకల గనికి తోలుకుపోయాడు. ముప్పయ్యేళ్ళుగా ఊరూరి పిల్లకాయలు దిద్దుకోవడానికి అతను రాయి చీల్చి పలకలు కోస్తున్నాడు. తన పేరు తప్ప ఇంకేదీ కూడబలుక్కోకుండా చదవలేడు. గని దగ్గర మేస్త్రీ అతన్ని ఇప్పటికీ ఒరేయ్ అనే పిలుస్తాడు.

ఒక్క రామసుబ్బయ్య కాఫీ హోటల్లో, గ్రామఫోను పెట్టె దగ్గర మాత్రం అతని మాట చెల్లేది.

ఆ పెట్టెను రామసుబ్బయ్య గుంటూరులో పాతది కొన్నాడు. తెచ్చేటప్పుడు బస్సు పైనుంచి జారిపడి, ప్లేటు పెట్టే ఇనపచక్రం వంగి గిన్నెలాగా అయింది. గుంటూరు పంపితే నెల పడుతుందన్నారు. చెంచయ్య కొలత తీసుకుపోయి, మంచి పలకరాయి చూసి గుండ్రంగా కోసి, నడుమ బెజ్జం వేసి, అరిచేత్తో నిమిరితే జారిపోయేంత నున్నగా అరగదీసి తెచ్చాడు. హోటలు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఏసురత్నం దాని మీద పచ్చగుడ్డ అంటించాడు. తిరిగింది. ఆ రోజు నుంచి కీ తిప్పే హక్కు చెంచయ్యదే. ఏ ప్లేటు తర్వాత ఏ ప్లేటో అతనే చెప్పాలి. గుమాస్తాలు కూడా "చెంచయ్యా, ఆ పద్యం ఇంకోసారి" అని అడిగి పెట్టించుకునేవాళ్ళు. అడిగించుకోవడంలో ఉన్న రుచి అడిగేవాళ్ళకు తెలియదు.

ఎక్కువగా అడిగేది పెదగంజాం సీతాపతి పద్యాలు. సీతాపతి కోస్తాలో రాజు వేషాలకు పేరుపడ్డ నటుడు. అతని కంపెనీ ఒంగోలు దాటి పడమటికి ఎప్పుడూ రాలేదు. ఈ మెట్టపొలాల మీద టిక్కెట్లు పండవని వాళ్ళకు తెలుసు. అందుకే మార్కాపురంలో అతన్ని చూసినవాడు లేడు. చూడకపోవడం వల్ల అభిమానం ఏమీ తగ్గలేదు. ప్లేట్ల కేటలాగులో ఒక బొమ్మ ఉంది: కిరీటం, మీసం, గద. ఆ బొమ్మా, పెట్టెలోంచి వచ్చే గొంతూ సరిగ్గా అతికిపోయాయి. బావి అడుగునుంచి వచ్చినట్టుండే గొంతు. రాజంటే అట్లాగే మాట్లాడతాడని అందరూ ఒప్పుకున్నారు.

ఆ సీతాపతి కొత్త ప్లేట్లు హోటలుకు అప్పటికే వచ్చాయి. వాటి మీద ఆ గురువారం పత్రికలో విమర్శ పడింది. మిషను బడి అయ్యవారు ప్రభాకరరావు పైకి చదివాడు. కింద సంతకం 'శ్రోత' అని ఉంది.

"సీతాపతి గారి మూడు ప్లేట్లూ విన్నాము. గొంతు పీలగా ఉన్నది. పద్యాన్ని ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు పరుగెత్తించారు. రాజు పాడినట్టు లేదు, రాజుగారి వంటవాడు పాడినట్టున్నది."



"ఇంకోసారి చదువు అయ్యవారూ," అన్నాడు చెంచయ్య.

ప్రభాకరరావు చదివాడు.

"పీలగొంతా? ఆయనదా?" అన్నాడు ఏసురత్నం కుట్టుమిషను ఆపి. "ఈ శ్రోతకు చెవులు కుట్టించినప్పుడు సూది లోపలిదాకా పోయినట్టుంది."

"డబ్బులు ముట్టుంటాయిలే," అన్నాడు రామసుబ్బయ్య. "వేరే కంపెనీవాడు ఇచ్చుంటాడు. మద్రాసులో అంతేనంట."

"అచ్చులో వచ్చింది మామా," అన్నాడు ప్రభాకరరావు. "ఊరికే రాస్తారా?"

చెంచయ్య లేచి ఆ ప్లేటే తీసి పెట్టి కీ తిప్పాడు. గొంతు లేచింది. నింపాదిగా, బరువుగా, ఒక్కొక్క అక్షరం పల్లకీలో దిగుతున్నట్టు పద్యం నడిచింది. చివర్లో రాగం ఇంకా ఇంకా కిందికి దిగి హోటలు గోడల్ని తాకింది. పొయ్యి దగ్గరున్నవాళ్ళు కూడా గరిటె ఆపారు.

"చెప్పు అయ్యవారూ. ఎవరు తరుముతున్నారు ఈయన్ని?"

ప్రభాకరరావు న్యాయం తెలిసిన మనిషి. అతనికీ పరుగు వినపడలేదు. అయినా అచ్చయిన మాట కాదనడానికి ప్రాణం ఒప్పలేదు.

"మనకు తెలియని సంగీతమేదో ఉంటుంది చెంచయ్యా. నువ్వు మూడో క్లాసు, ఆయన శాస్త్రం చదివినాయన."

"చెవికి క్లాసులుండవు."

"అట్లయితే పందెం. శ్రోత చెప్పింది తప్పని తేలితే ప్రతి గురువారం పత్రిక ముందు నీకే చదివి వినిపిస్తా, కాఫీ గ్లాసు నేనే తెచ్చి నీ చేతికిస్తా. నిజమని తేలితే నువ్వు ఆ కీ మీద చెయ్యి వెయ్యగూడదు. చెవి ఉందన్న మాట మళ్ళీ ఎత్తగూడదు."

"ఒప్పుకుంటి," అన్నాడు చెంచయ్య. ఒప్పుకున్నాక గాని తన దగ్గర ఉన్నదంతా అందులో పెట్టేశానని అతనికి తట్టలేదు.

శ్రోతకు జవాబు పంపాలన్నారు. ఉత్తరం రాస్తే బుట్టలో పడేస్తారు. పలక పంపుదాం, పారెయ్యబుద్ధి కాదు అన్నాడు చెంచయ్య. బలపంతో రాస్తే మద్రాసు చేరేలోగా చెరిగిపోతుంది కాబట్టి ఉలితో చెక్కాలి. అక్షరాలు ప్రభాకరరావే బలపంతో రాసిచ్చాడు. "రాత నాది, అభిప్రాయం నాది కాదు," అని రెండుసార్లు చెప్పి మరీ రాశాడు. చెంచయ్య ఆ గీతల మీదే చెక్కాడు: 'శ్రోత గారికి. అ ఆ ల నుంచి మొదలుపెట్టగలరు. సీతాపతి గారి గొంతు వినాలంటే మార్కాపురం రాగలరు.' ఒక బలపం కూడా కట్టి రిజిస్టరు పార్సెలులో పంపారు.

రెండు వారాలకు పత్రికలో ఆ సంగతి పడింది. 'మార్కాపురం అభిమానులు మాకు పలక పంపారు. పలక బాగున్నది. మా మనవరాలు దిద్దుకుంటున్నది. మా అభిప్రాయం మాత్రం మారలేదు.' ఊరి పేరు పత్రికలో పడినందుకు రామసుబ్బయ్య ఆ రోజు అందరికీ కాఫీ ఉచితంగా పోశాడు. తిట్టయినా ఊరి పేరే కదా.

ఆ మర్నాడే చెంచయ్య గిద్దలూరు వెళ్ళాడు, పుస్తకాల దుకాణానికి పలకల పెట్టెలు దించడానికి. పక్కన బట్టల దుకాణంలో గ్రామఫోను మోగుతోంది. పద్యం తెలిసిందే. పాడుతున్నది మాత్రం ఎవరో సన్నపాటి మనిషి, బస్సు తప్పిపోతుందన్నట్టు పాడుతున్నాడు.

చెంచయ్య లోపలికి పోయాడు. "ఎవరయ్యా ఈయన? సీతాపతి పద్యం ఎత్తుకొచ్చినాడే."

"సీతాపతే," అన్నాడు దుకాణదారుడు. "కొత్త ప్లేట్లు. పెట్టె గూడా కొత్తదే."

చెంచయ్య వంగి చూశాడు. ప్లేటు మీది కాగితం అదే. కింద తళతళలాడే ఇనపచక్రం, తను కోసిన రాయిలో సగం బరువు కూడా ఉండదు. అతను చూపుడువేలు మెల్లగా చక్రం అంచుకు ఆనించాడు. చక్రం బరువెక్కినట్టు నిదానించింది. గొంతు దిగింది. ఇంకా దిగింది. అదిగో, రాజు వచ్చాడు. వేలు తీశాడు. రాజు పోయి వంటవాడు వచ్చాడు.

"ఏందన్నా, చెయ్యి తియ్యి. ప్లేటు పాడైపోతది."

"ఇంకొక్కసారి," అన్నాడు చెంచయ్య.

బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా ఆ వేలినే చూసుకున్నాడు. కంభం దగ్గర, ఊళ్ళో దిగగానే చెప్పేద్దామనుకున్నాడు. తర్లుపాడు దాటేసరికి, అడిగినప్పుడు చెబుదామనుకున్నాడు. మార్కాపురంలో దిగాక ఎవరూ అడగలేదు. ఎట్లా అడుగుతారు?

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం స్టేషను బస్సులోంచి ఒక మనిషి దిగి హోటలుకు వచ్చాడు. బట్టతల, కళ్ళజోడు, చేతిలో చిన్న ట్రంకుపెట్టె, జేబులో పత్రికలోంచి కత్తిరించిన కాగితం. తాలూకా కచ్చేరీలో కాగితాలు కుట్టే గుమాస్తాలాగా ఉన్నాడు.

"పలక పంపింది మీరేనాండి?" అన్నాడు. "నేను సీతాపతిని. మావాళ్ళు ఈ వైపు రావడం ఇదే మొదలు, నాటకానికి నంద్యాల వెళ్ళారు. మీకు నమస్కారం చెప్పిపోదామని నేను ఇక్కడ దిగాను. ఈ నెల్లో నన్ను మెచ్చుకున్నది మీరొక్కరే."

సన్నటి గొంతు.

కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు. ఏసురత్నం కేటలాగులో బొమ్మ వంకా, ఆ బట్టతల వంకా మార్చి మార్చి చూశాడు. ఒక పద్యం పాడమని రామసుబ్బయ్య అడిగాడు. ఆయన సంతోషంగా గొంతు సవరించుకుని పాడాడు. కళ్ళు మూసుకుని, చెయ్యి ఊపుతూ, ప్రాణం పెట్టి పాడాడు. పీలగా, వేగంగా ఉంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు చల్లారిన కాఫీలా ఉన్నాయి.

"పోయినేడు పొదిలికి గూడా ఇట్లనే ఒకడు వచ్చినాడు," అన్నాడు ఏసురత్నం, ఎవరికో చెబుతున్నట్టు. "పెద్ద నటుడి పేరు చెప్పి, టిక్కెట్లు అమ్మి, తెర లేవకముందే పోయినాడు."

"నేను టిక్కెట్లు అమ్మలేదు కదండీ," అన్నాడాయన.

"ఇంకా అమ్మలేదు."

"ఎందుకు గొడవ. పెట్టె ఉంది గదా," అన్నాడు రామసుబ్బయ్య. "చెంచయ్యా, పెట్టు."

చెంచయ్య పెట్టాడు. కీ తిప్పాడు. ఆ గంభీరమైన గొంతు లేచి హోటలంతా నిండింది. ఆ మనిషి తల వంచుకుని విన్నాడు. వింటూ వింటూ కళ్ళజోడు తీశాడు.

"ఇది నా గొంతు కాదండీ," అన్నాడు నెమ్మదిగా. "పద్యం నాదే. సంగతులూ నావే. ఇంత గొంతు నాకెక్కడిది?"

మొదటి మాట తర్వాత ఎవరూ వినలేదు.

"వాడే ఒప్పుకుండె," అన్నాడు ఏసురత్నం. "పెట్టె తీసుకో అయ్యా. మూడు గంటల బస్సుంది. మర్యాదగా ఎక్కు."

ప్రభాకరరావు చెయ్యెత్తాడు. "ఆగండప్పా. ప్లేటు సంగతి మనకు తెలియదు. శ్రోత పీలగొంతని రాసినాడు. ఈయనది పీలగొంతే. ఈయన సీతాపతే అయితే శ్రోత చెప్పింది నిజం, పందెం నాది. ఈయన దొంగ అయితే పందెం చెంచయ్యది. చెంచయ్యా, నీ చెవికి క్లాసులు లేవంటివి. నువ్వే చెప్పు. ఈయన ఆయనేనా?"

అందరూ చెంచయ్య వైపు తిరిగారు. ఆ మనిషి కూడా తిరిగాడు. ఆయన చూపులో భయం లేదు. తన గొంతును ఇంతగా ప్రేమించి పలక చెక్కిన మనిషి ఇతనేనని ఎవరో చెప్పినట్టున్నారు, నమ్మకంగా చూస్తున్నాడు.

ప్లేటు ఎత్తి, పచ్చగుడ్డ చింపి, కిందున్న రాయి చూపిస్తే చాలు. పదిమందిలో అయ్యవారు తనను అడగడం అదే మొదలు. చూపిస్తే అదే చివర కూడా అవుతుంది. రేపట్నించి హోటల్లో కూడా ఒరేయ్.

"ఈయన కాదు," అన్నాడు చెంచయ్య.

ట్రంకుపెట్టె అతనే బస్సు దాకా మోసుకుపోయాడు. అందరూ అది చెంచయ్య పెద్దమనసు అన్నారు. దారిలో ఆయన కోపంగా ఏమీ అనలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అడిగాడు.

"నా పద్యం పాడిన ఆ మనిషి ఎవరయ్యా? నీకు తెలిసే ఉంటుంది."

చెంచయ్య పెట్టె పైకి అందిస్తున్నాడు.

"ఎవరైనా కానీ, నాకంటే బాగా పాడాడు. మద్రాసాయన అది వింటే బాగుండేది," అని లోపలికెళ్ళి కూర్చున్నాడు.

బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా చెంచయ్య అక్కడే నిలబడ్డాడు.

అభిమానులు పత్రికకు ఇంకో జాబు రాశారు. ఈసారి కాగితం మీదే. సీతాపతి గారి పేరు చెప్పుకుని ఒక పీలగొంతు మనిషి నంద్యాల లైనులో తిరుగుతున్నాడనీ, శ్రోత గారు విన్నది కూడా వాడి ప్లేట్లే అయి ఉంటాయనీ, అభిమానులు జాగ్రత్తగా ఉండాలనీ. పత్రిక దాన్ని చుట్టూ నల్లగీత కట్టి అచ్చేసింది. అచ్చయింది కాబట్టి ప్రభాకరరావు వెంటనే నమ్మాడు. పందెం ఓడినట్టు నలుగురిలో ఒప్పుకున్నాడు. నంద్యాలలో ఆట నడుమ జనం లేచి, దొంగ సీతాపతి అని గోల చేసి, టిక్కెట్ల డబ్బు వెనక్కి అడిగారని వారం తర్వాత తెలిసింది. మంచిపని జరిగిందని రామసుబ్బయ్య అన్నాడు. అభిమానులు లేకపోతే నటుల మానమర్యాదలు ఎవరు కాపాడతారని ఏసురత్నం అన్నాడు.

ఇప్పుడు ప్రతి గురువారం అయ్యవారు కాఫీ గ్లాసు తెచ్చి చెంచయ్య చేతిలో పెడతాడు. పత్రిక ముందు అతనికే చదువుతాడు. "నువ్వేమంటావు చెంచయ్యా?" అని అడుగుతాడు కూడా. చెంచయ్య ఏదో ఒకటి అంటాడు. అందరూ తల ఊపుతారు. కాఫీ వేడిగానే ఉంటుంది. అతను మాత్రం గ్లాసు పట్టుకుని, తిరుగుతున్న పచ్చగుడ్డ వంకే చూస్తుంటాడు.

ఒకరోజు రామసుబ్బయ్య పెట్టె తుడుస్తూ అన్నాడు. "రాయి గదా చెంచయ్యా ఇది. ఎప్పుడన్నా కింద పడి పగిలితే మన సీతాపతి గతి ఏంది?"

"పగిలితే చూద్దాంలే మామా."

అంతకు నెల ముందే అతను ఇంకో మూడు చక్రాలు కోసి, పాత పంచెలో చుట్టి ఇంట్లో మంచం కింద దాచాడు. మందం దారంతో కొలిచాడు, బరువు కోమటి అంగడి తక్కెడలో తూచాడు. గ్రామఫోనులో ఉన్నదానితో కలిపి నాలుగింటికీ వెంట్రుకవాసి తేడా లేదు.