వంటిల్లు పరాయి దేశం

సెబాటిక్ దీవిలో బెచ్చే ఇంటికి ముందుగది ఇండోనేషియా, వంటిల్లు మలేషియా. సరిహద్దు గీత సరిగ్గా మధ్యగడప మీదుగా పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ గడప దాటి అన్నం వడ్డిస్తూనే ఉంది, ఏ సైనికుడూ అడ్డం రాలేదు. చివరికి అడ్డొచ్చింది మొగుడి ఫోను.

అవతల మలేషియా కుర్రాడెవడో "బురాసా మా వంటే" అని వీడియో పెట్టాడట. కొబ్బరిపాలతో వండి అరిటాకులో కట్టి ఉడికించే అన్నం అది. వీళ్ళ బుగిస్ తెగవాళ్ళ ఇళ్ళలో అది లేని పండగ లేదు. బెచ్చే మొగుడు అంబో ఉపే ఊగిపోయాడు. ఒంటికి జెండా చుట్టుకుని ఫోను ముందు కూర్చుని, "వాళ్ళు క్షమాపణ చెప్పేదాకా ఆ దేశపు మెతుకు ముట్టను!" అని ఒట్టేశాడు. నలభై వేల మంది భళా అన్నారు. పొయ్యి ఎక్కడుందని ఒక్కడూ అడగలేదు. వాళ్ళకంటే తెలీదు, ఈయనకైనా గుర్తుండొద్దూ!

మర్నాడే రంజాన్ పండగ. వేడివేడి బురాసా పళ్ళెంలో పెట్టుకుని బెచ్చే గడప దగ్గరికొచ్చింది.

"అక్కడే ఆగు! లైవులో ఉన్నా," అన్నాడు ఉపే గుసగుసగా.

"పండగనాడు ఉపవాసం పాపం కదయ్యా!"

"అయితే పొయ్యి ఇటు తీసుకురావే."

"తెస్తా. బావి కూడా నెత్తిన పెట్టుకు రానా? బియ్యం ఇటువే, గ్యాసూ ఇటుదే. నన్ను కట్టుకున్నప్పటి నుంచి నువ్వు మింగిందంతా ఇటుదే. ముందు అదంతా కక్కు!"

బెచ్చే పళ్ళెం పట్టుకుని వెనక్కి తిరిగింది. ముప్పై ఏళ్ళ తన చేతివంట ఒక్క పూటలో శత్రువు వంట అయిపోయిందే అని ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి ఉపే కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. జెండా కుర్చీకి కప్పి, ఫోను కంటబడకుండా పాకుతూ గడప దాటాడు. నాలుగో బురాసా విప్పుతుంటే ముందుగదిలో ఫోను బావురుమంది. ఖాళీ కుర్చీ చూసి, ఉపే ఆకలికి ప్రాణం విడిచాడనుకున్నారు జనం. ఎవడో లైవులోకొచ్చి చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన చదువుతున్నాడు, వెక్కుతూ.

"ఓరి దేవుడా! నన్ను అమరవీరుణ్ణి చేసేశారే! ఇప్పుడు అటెలా వెళ్ళను?"

"ఎందుకు వెళ్ళడం?" బెచ్చే ఐదోది విప్పి అతని పళ్ళెంలో వేసింది. "నీ దేశం నిన్ను పాతిపెట్టేసింది. నా దేశంలో అంట్లున్నాయి, తిని తోము."