బ్రష్షులో పొడుగాటి వెంట్రుక

మురికి బ్రష్షు కనిపిస్తే పిన్ని చేతులు ఊరుకోవు. ఊరుకుంటే కడుపు నిండదు మరి. బ్రష్షుల దుకాణంలో మరమ్మతు బల్ల ఆమెది. పంది వెంట్రుకలతో చేసిన తల బ్రష్షులు పట్టుకొచ్చే వాళ్లందరికీ ఒకటే పాఠం చెబుతుంది. "ఒక మూగజీవి ఒంటిమీది వెంట్రుకలండీ ఇవి. ఎలాగూ తీసుకున్నాం, పదికాలాలపాటు నిలుపుకోవద్దూ? పాడుచేసి పారేస్తే పాపం కాదూ?"

అలాంటి మనిషి, భార్య పోయి ఒక కూతురున్న ఆయన్ని పెళ్లిచేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టింది. అద్దం ముందున్న పంది వెంట్రుకల పాత బ్రష్షు కంటబడింది. ఇక ఆగుతుందా? అందులో చిక్కుకున్న పొడుగాటి వెంట్రుకలను దువ్వెన మొనతో లాగి చెత్తబుట్టలో వేసింది. చెక్క నానకుండా పైపైన సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, బోర్లించి ఆరబెట్టింది. ఈ ఇంటికి తను చేసిన మొదటి మంచిపని ఇదేననుకుని మురిసిపోయింది, పిచ్చి మనిషి.

మర్నాడు పొద్దున చూస్తే బ్రష్షులో ఒక పొడుగాటి నల్లటి వెంట్రుక ఉంది.

తనది నెరిసిన ఉంగరాల జుట్టు. ఆయన నెత్తిన దీపం పెట్టి వెతికినా ఒక్కటి దొరకదు. తల్లి పోయాక జడలు వేసే దిక్కులేక కూతురి జుట్టు చెవుల దాకా కత్తిరించేశారు. అందుకే దాన్ని ఇంట్లో పిచ్చుక అంటారు. మరి ఇదెవరిది? తీసి పొయ్యిలో వేసింది. మర్నాడు మళ్లీ ఒకటి. ఆ మర్నాడు ఇంకొకటి. కాలిన వాసన ఆమె ముక్కును వదిలేది కాదు. తను ఇక్కడ ఉండటం పోయినావిడకు ఇష్టం లేదని ఖాయం చేసుకుంది. ఆయనతో చెబితే నవ్వుతాడు. పసిదానితో ఏమని చెబుతుంది? భయం ముదిరి, పెట్టె సర్దుకుని పుట్టింటికి పోదామనే నిర్ణయానికి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఆ పెట్టె కోసమే గదిలోకి వెళ్లింది. పిచ్చుక అద్దం ముందు స్టూలు మీద నిలబడి ఉంది. చంకలో వాళ్లమ్మ పాత స్వెట్టరు. దాని మెడ దగ్గర నుంచి ఏదో ఏరి బ్రష్షులో పెడుతోంది.

"ఏం చేస్తున్నావే?"

పిల్ల తిరిగి చూసింది. "నువ్వు రోజూ తీసేస్తున్నావుగా పిన్నీ. అమ్మ ఇప్పుడే దువ్వుకుని వెళ్లినట్టు ఉండాలని మళ్లీ పెడుతున్నా. స్వెట్టర్‌కి అంటుకున్నవన్నీ అయిపోయాయి. ఇదే ఆఖరిది."

పిన్నికి అప్పుడు తెలిసింది. దెయ్యమని భయపడి ఇన్నాళ్లూ తను కాల్చింది ఈ పిల్ల దాచుకున్న తల్లిని, కొంచెం కొంచెంగా.

"పంది వెంట్రుకలు అంత జాగ్రత్తగా కడిగి ఉంచావు. మా అమ్మవెందుకు పారేశావు?"

దుకాణంలో అందరికీ పాఠాలు చెప్పే ఆ మనిషి పిల్ల వైపు చేతులు చాచింది. దగ్గరికి తీసుకోబోతే పిచ్చుక స్వెట్టర్‌ను గట్టిగా పట్టుకుని పక్కకు జరిగింది.

ఆమె పెట్టె సర్దలేదు. ఆ బ్రష్షును మళ్లీ కడగనూ లేదు. ఆ ఆఖరి వెంట్రుకతో అది దుమ్ము పట్టి అద్దం ముందే పడి ఉంది. ఎంత ఉక్కపోసినా ఆ గదిలో ఫ్యాను వేయరు. "ఇదేం చోద్యం, ఉడికి చస్తున్నాం" అని ఆయన గొణుగుతూనే ఉంటాడు. ఆయన చెయ్యి స్విచ్చు దగ్గరికి వెళ్తే చాలు, పిన్నీ పిచ్చుకా ఒక్కసారే "వద్దు!" అని అరుస్తారు.