బలిసిన అక్షరాలు

సందుకో లీడరు ఫ్లెక్సీ వేలాడే సూర్యాపేటలో తన పేరు మాత్రం ఎక్కడా లేదని అచ్చమ్మకు అరవై దాటాక పౌరుషం పుట్టుకొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె దుర్గయ్య పెండ్లాం. దుర్గయ్య పోయాక వీరేశం తల్లి. ఇంట్లో పొట్టేలుకైనా ఓ పేరుంది గానీ, ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే ఈసారి పుట్టినరోజుకు చౌరస్తాలో తన పేరు లేవాల్సిందేనని పట్టుబట్టింది. అసలు పుట్టినరోజు ఎప్పుడో ఆమెకూ తెలియదు. ఆధార్ కార్డులో ఎవరో పడేసిన జనవరి ఒకటే దిక్కు.

ఫ్లెక్సీల దుకాణం సతీష్ కంప్యూటర్లో రకరకాల అక్షరాలు చూపించాడు. నాజూకు అక్షరాలకు అచ్చమ్మ మూతి తిప్పింది.

"గివేంది, తిండి లేనోళ్ల లెక్కున్నయి? జర బలిసినయి సూపియ్యి."

సతీష్ ఎక్కడో అడుగున పడున్న ఫాంటు ఒకటి తీశాడు. ఒక్కో అక్షరం గాదెంత లావు. కొసకొసకూ కాళ్లు, కాళ్లకు మెలికలు, మెలికలకు పూలు.

"గిది ఎవ్వలూ సదవలేరు అవ్వా."

"నాకు ఏదీ సదవరాదు. గిదే కొట్టు."

జనవరి ఒకటి పొద్దున్నే ఫ్లెక్సీ లేచింది. 'అచ్చమ్మకు జన్మదిన శుభాకాంక్షలు' అని సతీష్ కొట్టిన మాట నిజమే గానీ, ఆ పూలపొదలోంచి దాన్ని బయటికి లాగే మొనగాడు ఊళ్లో లేడు. జనానికి కనబడింది ముసలమ్మ ఫోటో, కింద పూలు. ముసలివాళ్ల ఫోటో మన దగ్గర ఫ్లెక్సీకెక్కేది చావు దినాలకే. ఎవరో దాన్ని వాట్సాప్‌లో తిప్పారు. మధ్యాహ్నానికల్లా కోదాడ నుంచి ఆడబిడ్డ రంగి, మిర్యాలగూడ రైసుమిల్లు నుంచి తమ్ముడు ఐలన్న, ఆటోల నిండా చుట్టాలతో లబోదిబోమంటూ దిగారు.

"ఓ వదినా! నన్నిడిసి పోతివా వదినా!" అంటూ వాకిట్లోకి దూసుకొచ్చిన రంగి, కొత్త చీర కట్టుకుని కేకు నములుతున్న వదినను చూసి కొయ్యబారిపోయింది.

"నేనేడికి పోయిన్నే? గంత పెద్దగ పేరు రాపిస్తి, సదవలేదా?"

"గవి అచ్చరాలా? పూలదండనుకున్న గద వదినా!"

అచ్చమ్మకు కడుపు మండింది. ఊరి నడిమధ్య మనిషెత్తున రాయించుకున్న పేరు ఒక్కరి కంటికీ ఆనలేదు. వాకిలి నిండిపోయినా అక్కా, వదినా, పెద్దమ్మా అన్నవాళ్లే. ఏడుపొచ్చినంత పనయింది.

ఐలన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నడువుండ్రి, ఇగ పోదాం" అన్నాడు.

"ఏడికి? కిరాయి పెట్టుకొని ఏడ్వనొచ్చిన్రు గదా, ఏడ్సి పోండ్రి!"

"బతికున్నదానికి ఏమని ఏడుస్తరక్కా?"

"అక్కా, వదినా అనుడు బంద్. పేరు పెట్టి ఏడ్వుండ్రి."

ఐలన్న రంగిని ముందుకు తోశాడు. చివరికి రంగి తెగించి గుండెలు బాదుకుంది.

"ఓ అచ్చమ్మా!"

"ఆఁ" అని పలికింది అచ్చమ్మ.