సీసాలో నాన్న ఊపిరి

రేపు సైన్సు పరీక్ష. బట్టలు కుట్టే అమ్మ మిషన్ పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని పిచ్చుక ‘ఆవరణ వ్యవస్థ’ పాఠం బట్టీ కొడుతోంది. పిచ్చుక అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. ఆయన ఓడలో వంటవాడు. ఆరు నెలల్లో వచ్చేస్తానని వెళ్లిన మనిషి పదకొండో నెల నడుస్తున్నా ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.

కిటికీ గట్టుమీద ఒక గాజుసీసా ఉంది. వెళ్లేముందు నాన్నా పిచ్చుకా కలిసి అందులో తడిమట్టి పోసి మూడాకుల మొక్క నాటారు. మూత బిగించబోతూ నాన్న లోపలికి గట్టిగా ఊదాడు. తన ఊపిరి దాచిపెట్టమని, వచ్చాక ఇద్దరూ కలిసి తీద్దామని చెప్పాడు. అప్పట్నుంచి ఆ మూతమీద ఎవరైనా చెయ్యేస్తే ఒట్టు. అమ్మకైతే ఆ సీసా కంట్లో నలుసే. వెలుతురుకి అడ్డమని రోజూ సణుగుడు, పారేస్తానని బెదిరింపు.

మూడో పేజీ దగ్గర పిచ్చుక గొంతు ఆగిపోయింది. మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడును మొక్కలు పీల్చుకుని ఆహారం చేసుకుంటాయట. ఒకటికి రెండుసార్లు చదివింది. మరి నాన్న ఊపిరో? ఇన్నాళ్లూ కాపలా కాసింది ఉత్త సీసాకా? ఇక పరీక్ష మాట దేవుడెరుగు, పుస్తకం మూసేసి బావురుమంది.

సంగతేమిటో రాబట్టేసరికి అమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. మిషన్ ఆపి, పుస్తకం లాక్కుని, వేలు పెట్టి ఆ పేజీ అంతా చదివింది. చదివాక తలెత్తి కిటికీ గట్టుమీది సీసావైపు చూసింది.

“మొక్క తినేసి ఊరికే కూర్చుందటే?” అంది. “అప్పుడు మూడాకులేగా. ఇప్పుడెన్నో లెక్కపెట్టు.”

పిచ్చుక ముక్కు చీదుకుంటూ లెక్కపెట్టింది. ఎనిమిది.

“మరి ఆ అయిదూ ఎక్కణ్ణుంచి వచ్చాయి?” అని అమ్మ మళ్లీ మిషన్ తొక్కసాగింది.

మర్నాడు పరీక్షలో మొక్క ఆహారానికి ఏమేం కావాలని అడిగారు. పిచ్చుక నీరు, వెలుతురు అని రాసి, మూడోదాని దగ్గర కాసేపు కలం కొరికింది. మార్కులు పోతాయని పుస్తకంలో ఉన్న మాటే రాసింది గానీ, ‘నాన్న ఊపిరి’ అని రాయాలని మనసు ఒకటే పీకింది.

పరుగెత్తుకుంటూ ఇంటికొస్తే కిటికీ గట్టు ఖాళీ. అమ్మ అన్నంత పనీ చేసేసిందా?

లోపల మిషన్ ఆగి ఉంది. అమ్మ సీసాని ఒళ్లో పెట్టుకుని, గాజుకి చెంప ఆనించి కూర్చుంది. కూతుర్ని చూసి గబుక్కున కళ్లు తుడుచుకుంది.

“ఇంకో ఆకు వేస్తోందే,” అంది.